పిట్టకు పెట్టిన ఆకు

ఆదివారం బడిలో పక్షుల పాఠం నాకు కొట్టిన పిండి. ఖమ్మంలో మా మందిరంలో ఏళ్ల తరబడి చెబుతున్నాను. పావురం పరిశుద్ధాత్మకు గుర్తు, బాప్తిస్మం పొంది నీళ్లలోంచి లేచిన ప్రభువు మీదికి దిగింది. పక్షిరాజు బలానికి గుర్తు, దేవుడి మీద ఆశ పెట్టుకున్నవాళ్లు దానిలాగా రెక్కలు చాపి పైకి లేస్తారు. పిచ్చుకకు బజారులో విలువ లేదు, అయినా తండ్రికి తెలియకుండా నేల రాలదు. కోడి తన పిల్లల్ని రెక్కల కింద పెట్టుకున్నట్టు ప్రభువు మనల్ని పెట్టుకోవాలని చూశాడు. అన్నిటికీ అట్టకు అంటించిన బొమ్మలున్నాయి నా దగ్గర.

కాకి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకెప్పుడూ తడబాటే. నోవహు ఓడలోంచి ముందుగా వదిలింది కాకినే, అది మళ్లీ లోపలికి రాలేదు. తినకూడని అపవిత్రమైన పక్షుల వరుసలో దాని పేరుంది. మళ్లీ అదే కాకితో దేవుడు కరువు కాలంలో ఏలీయా ప్రవక్తకు రొట్టె, మాంసం పంపించాడు. "కాకి మంచిదా చెడ్డదా టీచర్?" అని పిల్లలు అడిగితే, "దేవుడు వాడుకుంటే అన్నీ మంచివే, మాట్లాడకుండా రంగులెయ్యండి" అనేదాన్ని. వారమంతా కోచింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో వార్డెన్‌గా అరిచి అరిచి వచ్చేదాన్ని, ఆదివారానికి అంతకంటే ఓపిక ఎక్కడ మిగులుతుంది.

మొన్న వేసవిలో నాన్న పోయాక ఆ కాకితోనే మాకు పని పడింది. అది వచ్చి ఉంటే ఏ గొడవా లేదు. రాకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషి. భూమి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి కాబట్టి, కాలనీ దాటాక టేకు చెట్లు మొదలయ్యే చోట రెండు గదుల రేకుల ఇల్లు వేసుకున్నారు. భద్రాచలం బస్సుల హారన్లు అక్కడికి బాగానే వినపడతాయి.

మందిరానికి ముందు వెళ్లింది అమ్మ. నాన్న చాలా ఏళ్లు రాలేదు. ఆదివారం ఆవిడ ఒక్కతే వెళ్లి, ఒక్కతే తిరిగి వచ్చి, గుమ్మంలో కూర్చుని ఏడ్చేది. ఒక ఆదివారం ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, "నడు, నేనూ వస్త" అన్నాడు. ఆ ఏడే వాగులో బాప్తిస్మం తీసుకున్నాడు. నీళ్లలోంచి లేచి, కళ్లు తుడుచుకుని, పైకీ పక్కకీ చూశాడు. బండ మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. "అయ్యగారు పావురమన్నడు, నాకు గిదే దక్కింది" అన్నాడు. గట్టు మీద నిలబడ్డవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

ఆయన నిద్రలోనే పోయాడు. సంఘమంతా వచ్చింది. పెట్టె చేయించి, పాటలు పాడి, వాగు దగ్గర మా శ్మశానంలో మట్టి చేశారు. మా ఆయన డ్యూటీ ఉందని ఖమ్మం వెళ్లిపోయాడు. నేను ఒక్కతే సంతానాన్ని, అమ్మ దగ్గర ఉండిపోయాను. మూడో రోజు పొద్దున పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. ఇక చెయ్యాల్సినవన్నీ అయిపోయాయనుకుని గిన్నెలు కడగడానికి కూర్చున్నాను.

అశ్వారావుపేట నుంచి వచ్చిన మా మేనత్త అప్పుడు నోరు విప్పింది. ఆమె నాన్నకు చెల్లెలు. పామాయిల్ తోటల్లో గెలలు మోసి మోసి రాటుదేలిన మనిషి. తను గుడికి వెళ్తుంది, మందిరానికి వెళ్లేవాళ్లను పల్లెత్తు మాట అనదు. పాస్టర్ గారి బండి మలుపు తిరిగేదాకా ఆగి, అమ్మను అడిగింది.

"వదినే, పిట్టకు పెట్టవా?"

మా వైపు మనిషి పోయిన మూడో రోజు, ఆయనకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి బయట ఉంచుతారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషి తృప్తిగా పోయినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. పిట్ట ముట్టేదాకా ఇంట్లోవాళ్లు మెతుకు ముట్టరు. మందిరానికి వెళ్లడం మొదలుపెట్టాక మేం ఇవన్నీ మానేశాం. మానేశామని నేను అనుకున్నాను.

అమ్మ లేచి పొయ్యి వెలిగించింది. చింతచిగురు, ఎండు రొయ్యలు కలిపి వండింది. మోదుగాకు విస్తట్లో అన్నం, కూర పెట్టి, పెరటి గోడ మీద పెట్టి వచ్చింది. నాకు ఒళ్లు మండింది.

"పొద్దుగాల ప్రార్థన చేస్కొని, పగటీలికి గిదేందమ్మా?"

"నువ్వు ఊకో," అంది.

ఆదివారం బడి టీచర్ని, నా మాటకు ఆ ఇంట్లో దక్కిన విలువ అంత.

మొదట వచ్చినవి కోతులు. ఆకుతో సహా ఎత్తుకుపోయాయి. మా దగ్గర కోతుల సంగతి చెప్పక్కర్లేదు, రేకుల మీద వడియాలు పెట్టుకుని ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఇంకో విస్తరి పెట్టింది. ఈసారి మేనత్త కట్టె పట్టుకుని గోడ పక్కనే కాపలా కూర్చుంది. కోతులు రాలేదు. కాకీ రాలేదు. కరెంటు తీగ మీద ఒకటి వాలి, మెడ అటూ ఇటూ తిప్పి, కట్టె వైపు చూసి, ఎగిరిపోయింది.

"కట్టె పట్టుకొని నువ్వు గట్ల కూసుంటే కాకి ఎట్ల వస్తదత్తా?"

"కట్టె పక్కకు పెడితే కోతులొస్తయి గద కోడలా."

"మరి ఎట్ల?"

"మీ నాయినకు రావాల్నని ఉంటే వస్తడు. మా అన్న కట్టెకు భయపడే మనిషా?"

అంటే ఆ తీగ మీద కూర్చున్నది నాన్ననా? నేను నమ్మేదాని ప్రకారం కాదు. అయినా అది ఎగిరిపోయిన వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను, నా మీద నాకే చిరాకు వేసేదాకా.

సాయంత్రమైంది. అమ్మ ఏమీ తినలేదు. ఆవిడకు షుగర్. మాత్ర వేసుకుని తినకపోతే కళ్లు తిరుగుతాయి, మాత్ర మానేస్తే అదో ప్రమాదం. బతిమాలాను, కసిరాను, హాస్టల్లో పిల్లల్ని బెదిరించినట్టు దవాఖానాలో పడేస్తానని బెదిరించాను. "పిట్ట ముట్టనియ్యి, తింట" అని ఒకటే మాట. ఆవిడ తినకపోతే నేనెలా తింటాను, నేనూ పస్తే.

గుమ్మంలో కూర్చుని మేనత్త కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎట్ల వస్తది వదినే? పెట్టెల పెట్టి మేకులు కొట్టిన్రు. మా అన్న పాణం బయటికెట్ల రావాలె?" అంది. ఆమె దెప్పడానికి అనలేదు, అన్న మీద ఏడుపుతో అంది. కానీ అమ్మ మొహం నల్లబడింది.

పక్కింటి ఖాలా టీ గిన్నె తెచ్చి అప్పుడే లోపలికొచ్చింది. కాలనీలో సగం మందికి బట్టలు కుట్టేది ఆమే. ఆ మాట విని, "గట్ల అనకమ్మా, మనిషిని మట్టిల పెట్టుడు నేర్పిందే కాకి" అంది. వాళ్ల ఖురాన్‌లో ఉందట. ఆదాము కొడుకు తమ్ముణ్ణి చంపి, ఆ శవాన్ని ఏం చెయ్యాలో తెలియక నిలబడితే, దేవుడు కాకిని పంపాడట. అది నేల గీకి చూపించిందట. "కాకికి తెల్వని ఖబర్ గుంత ఉంటదా?" అంది. ఆ ఇద్దరు అన్నదమ్ముల కథ మా బైబిల్లోనూ ఉంది. అందులో కాకి లేదు. నేను ఎన్నిసార్లు చదివానో, లేదు. నా దగ్గరున్న కాకులు చాలవన్నట్టు ఇది ఇంకొకటి వచ్చి చేరింది.

ఖాలా వెళ్లాక అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. గొంతు తగ్గించి అడిగింది.

"మీ నాయినకు మనసు లేకనే బాప్తిస్మంల మునిగిండేమో బిడ్డా. నా ఏడ్పు చూడలేక మునిగిండు. గదే ఆయన మనసుల మిగిలిపోయింది. గందుకే ముడ్తలేదు."

అప్పటికి గానీ నాకు తెలియలేదు, ఆవిడ కాకి కోసం ఎదురుచూడటం లేదని. నాన్న నోటి నుంచి ఒక మాట కోసం చూస్తోంది. ఇన్నేళ్లు తన వెంట మందిరానికి వచ్చింది ఇష్టంతోనా, తను ఏడ్చి ఏడ్చి లాక్కొచ్చిందా అని.

ఆ ప్రశ్నకు నాకు జవాబు తెలుసు. అదే నా బాధ. నేను పుట్టింటికి వచ్చిన ఒక ఆదివారం మందిరం నుంచి తిరిగి వస్తూ, పావురం మీద జరిగిన ప్రసంగం ఎలా ఉందని నాన్నను అడిగాను. "నాకు గవేం సమజ్ కావు బిడ్డా. నేను మీ అమ్మ కోసం వస్త" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు కానీ, ఆ మొదటి మాటకే నాకు గుండె జారిపోయి మిగతాది పట్టించుకోలేదు. ఊళ్లో పిల్లలందరికీ నేర్పే నేను, కన్నతండ్రికి ఒక్క ముక్క ఎక్కించలేకపోయానే అనుకున్నాను. ఇప్పుడు ఆ మాట అమ్మకు చెబితే ఆవిడ భయం నిజమైపోతుంది. నిండు మనసుతో నమ్మాడని చెబితే దేవుడి పేరు మీద అబద్ధం. ఎటూ పాలుపోక, "పడుకో అమ్మా" అన్నాను.

తెల్లారి మందిరానికి వెళ్లాను. పాస్టర్ గారు మధిర వైపు మనిషి, నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. సంగతంతా చెప్పాను.

"కాకుల్ని చూడమని ప్రభువే చెప్పారు కదమ్మా. పంట వెయ్యవు, గాదెలు కట్టవు, అయినా దేవుడే వాటికి తిండి పెడుతున్నాడు. ఇక మనం పిలిచి పెట్టేదేముంది?"

"మరి ఏలీయాకు కాకితోని తిండి పంపిండు గద. అంటే కాకి దేవుని మాట వింటది."

"వింటుందమ్మా."

"అయితే మా అమ్మ కోసం ఒక్క కాకిని పంపమని ప్రార్థన చెయ్యండి."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "అలా అడగకూడదమ్మా. అది అన్యుల ఆచారం."

"ఆచారం అన్యులదైతే అయింది, కాకి కూడా అన్యులదేనా?"

పాపం, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అమ్మగారికి ఎలాగైనా తినిపించండి. నేను ప్రార్థన చేస్తాను" అన్నాడు. దేనికోసం చేస్తాడో నేను అడగలేదు. కాకి రావాలనో రాకూడదనో ఆయనకూ తేలి ఉండదు. నాకైతే తేలలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మళ్లీ తాజాగా వండి విస్తరి పెట్టి ఉంది. మేనత్త నన్ను గోడ దగ్గరికి లాక్కెళ్లింది. పిట్ట ముట్టనప్పుడు పోయిన మనిషి కోరిక ఏమిటో కనిపెట్టి, తీరుస్తామని పైకి చెప్పాలి. సరైన మాట పడగానే కాకి వస్తుందట. "చెప్పు కోడలా, ఆయన మనసుల ఏమున్నదో" అంది.

నేను కొంగు నడుముకు దోపుకుని నిలబడ్డాను. "అమ్మను నాతోని ఖమ్మం తోల్కపోత నాయినా," అన్నాను. ఏమీ లేదు. "పోనీ, అమ్మకు గిక్కడనే బాగుంటే గిక్కడనే ఉంచుత." ఏమీ లేదు. "ఇంటికి రేకులు తీసి స్లాబు వేయిస్త." ఒక గోరువంక వచ్చి చూసి వెళ్లింది. ఎవరితో మాట్లాడుతున్నానో నాకే అర్థం కాలేదు. నాన్నతోనా, కాకితోనా, దేవుడితోనా? కళ్లు మూసుకోవాలా తెరుచుకోవాలా? చివరికి అలవాటు కొద్దీ "ఆమేన్" అనేశాను. మేనత్త నన్ను ఎగాదిగా చూసింది.

"గదేంది మధ్యల?"

"నోటికొచ్చింది."

"పిట్ట బెదురుతది, గట్లాంటివి అనకు."

ఆమె కట్టె పక్కన పెట్టి నాతో మాట్లాడుతున్న ఆ కాస్త సందులో ఖాలా వాళ్ల కోడి గోడెక్కింది. దర్జాగా విస్తట్లో నిలబడి రొయ్యలు ఏరుకుని తినసాగింది. మేనత్త కట్టె అందుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఉండనియ్యి అత్తా. మా ప్రభువు తనను తాను కోడితోనే పోల్చుకున్నడు."

"ఆయన పోల్చుకుంటే పోల్చుకున్నడు, మా అన్న పోల్చుకోలే. కోడి ముడితే లెక్కకు రాదు."

కోడిని తోలేసింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అట్ట మీద అంటించి పెట్టుకున్న బొమ్మల్లో ఒక్కటీ నాకు అక్కరకు రాలేదు. పిల్లలకు ఇన్నేళ్లు ఇది దీనికి గుర్తు, అది దానికి గుర్తు అని చెప్పాను. పెరట్లోకి వచ్చిన పక్షి దేనికి గుర్తో చెప్పడం మాత్రం నా వల్ల కాలేదు.

అమ్మ ఆ విస్తరి తీసేసి, మిగిలిన అన్నం, కూరతో ఇంకొకటి పెట్టింది. పెట్టి వెనక్కి తిరగబోయి, గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుంది. నుదుటి నిండా చెమట. చెయ్యి పట్టుకుంటే వణుకుతోంది. నాకు భయం వేసింది. మేనత్త చక్కెర తెచ్చింది. అమ్మ పళ్లు బిగించి తల తిప్పేసుకుంది. ఇక నాకు అబద్ధమూ గుర్తుకు రాలేదు, నిజం వల్ల ఏమవుతుందోననే ఆలోచనా రాలేదు.

"అమ్మా, నాయిన నీ కోసమే మందిరానికి వచ్చిండు. నాతోని చెప్పిండు."

ఆవిడ కళ్లెత్తింది. "ఏమన్నడు? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

"నాకు గవేం సమజ్ కావు, మీ అమ్మ కోసం వస్త అన్నడు."

"ఇంకా?"

ఇంకా ఏమన్నాడు? ఆ రోజు వినీ విననట్టు వదిలేసిన మాటలు. తలచుకుంటే ఒక్కొక్కటే వచ్చాయి.

"మీ అమ్మ పాట పాడేటప్పుడు మొఖం చూసినవా అన్నడు. షిఫ్టు అయిపోయి గనిలకెల్లి పైకొచ్చినప్పుడు మొదటిసారి ఎల్తురు పడ్తది సూడు, గట్ల ఉంటది అన్నడు. గది చూస్కుంట కూసుంటే పొద్దు ఎట్ల పోతదో తెల్వది అన్నడు."

అమ్మ కొంగుతో నుదురు తుడుచుకుంది. "నా ఏడ్పు సంగతి అన్లేదా?" అని అడిగింది.

"ఏడ్పు మాటే ఎత్తలేదమ్మా."

ఆవిడ గోడ పట్టుకుని లేచింది. చెయ్యి చాపి విస్తరి కిందికి దించుకుంది. నేల మీద కూర్చుని, ఒళ్లో పెట్టుకుని, అన్నం కలిపింది. మేనత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వదినే, గది పిట్టది."

"పిట్టది కాదు, ఆయనది. ఆయన కంచంల మిగిలింది ఎన్నేండ్లు తినలే నేను? గియ్యాల కొత్తనా?"

ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. ఇంకో ముద్ద పెట్టుకుంది. చెయ్యి వణుకు తగ్గుతోంది. మేనత్త కట్టె గోడకు ఆనించి, ఆవిడ పక్కనే చతికిలబడి, ఏడ్చింది.

"నాకు మాత్రం ఏం సమజ్ అయిందని బిడ్డా," అంది అమ్మ, ముద్ద కలుపుతూనే. "ఆయన గనిల దిగినప్పుడల్ల, పైకి రావాలె, పైకి రావాలె అనుకుంట ఇంట్ల కూసోలేక పోయిన మందిరానికి. గంతే. ఆయన నా మొఖం చూస్కుంట కూసున్నడు, నేను ఆయన పాణం కోసం కూసున్న." ఆగి, నా వైపు చూసింది. "మరి మా ఇద్దర్ల దేవున్ని చూసిందెవలు?"

ఆ మాటలో వెటకారం లేదు. నేను టీచర్ని, నాకు తెలుస్తుందని నిజంగానే అడిగింది.

"తెల్వదమ్మా," అన్నాను.

అవ్ అన్నట్టు తలాడించింది. "నువ్వూ తినలే గద నిన్నటి సంది" అని, అదే విస్తట్లోంచి ముద్ద చేసి నా వైపు చాపింది. నోరు తెరిచాను.